గుడ్డి పూస

బుధవారం

బుడంకాయా, పలక మీద మళ్లీ రాస్తున్నాను. నువ్వు పోయిన దగ్గర్నుంచి దీన్ని ముట్టుకోలేదు. అక్షరాలు నేర్పింది నువ్వే కాబట్టి తప్పులుంటే ఆ తప్పులూ నీవే.

ఇవాళ కొట్టులో పని ఎక్కువ. కింది వరస ఇళ్లలో పెళ్లి ఉందట. జనం మెడల్లోంచి పూసల దండలు తీసుకుని పొద్దున్నే వచ్చి నిలబడ్డారు. ఒకావిడ ఎర్ర పూసలు బల్లలు, పచ్చవి గిన్నెలు అని ఏరి ఏరి ఇచ్చింది. పూస మిషను నోట్లో వేస్తాను. తొట్టిలో పిండి సరిపడా ఉందో లేదో చూస్తాను. మీట నొక్కుతాను. పిండి గరగరమని తిరుగుతుంది. మూత తీస్తే బల్ల. అందరూ ఇళ్లు ఖాళీగా ఉంచుకుని, సామానంతా మెడలో వేసుకుని తిరిగే కాలం ఇది. అవసరమైనప్పుడు విప్పుతారు, పని అయ్యాక మడిచి మళ్లీ పిండీ పూసా చేస్తారు.

మీట నొక్కిన ప్రతిసారీ నీ మాటే గుర్తొస్తుంది. పూసలో బల్ల ఉండదే అమ్మా, బల్ల గురించి రాసిన మాటలుంటాయి అన్నావు. ఎంత పొడుగు, ఏ రంగు, ఎన్ని కాళ్లు. అసలు బల్లంటే ఏమిటో చెప్పే అచ్చు మాత్రం మిషనులో ఉంటుంది. పూసలో మాటలూ మిషనులో అచ్చూ కలిస్తే పిండిలోంచి బల్ల లేస్తుంది. అచ్చులో చోటు లేనిదేదీ తిరిగి రాదు.

అది నిజమే. నా పీట మడిచి విప్పించుకున్న రోజు గుర్తుందా? మా అమ్మా నేనూ కూర్చుని కూర్చుని నున్నగా పడ్డ గుంట పోయింది. కొత్త పీట వచ్చింది. నేను ఏడుస్తుంటే నువ్వు నవ్వావు. "పీటనడిగితే పీటనిస్తది. గుంటని కూడా ఇమ్మంటే ఎలాగే?" అన్నావు.

తరవాణి కుండ దగ్గర మాత్రం నవ్వలేదు. ఊరొదిలి, భూమినే ఒదిలి ఈ తెప్ప ఎక్కేటప్పుడు ఆ కుండని ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. చుట్టూ చుక్కలు తప్ప ఏమీ లేని చోటికి కుండ ఎందుకని మీ నాన్న ఎగతాళి చేశాడు. రోజూ వార్చిన గంజి అందులో పోసేదాన్ని, రోజూ పులిసిన నీళ్లు తీసి అన్నంలో కలిపేదాన్ని. ఎప్పుడూ అడుగంటనిచ్చేదాన్ని కాదు. మా అత్త చేతి నుంచి నా చేతికి వచ్చిన పులుపు అది. తెప్పని కొత్త దారికి తిప్పిన ఏడు, బిగించని సామానేదీ బయట ఉండకూడదన్నారు. అప్పుడే కొత్తగా పెద్ద కొట్టులో పనికి చేరావు, కుండ నువ్వే పట్టుకెళ్లి మడిచి పూస తెచ్చావు. తిప్పుడు అయ్యాక విప్పితే కడిగి బోర్లించినట్టు శుభ్రమైన కుండ వచ్చింది. లోపల చుక్క లేదు, వాసన లేదు. ఆ పూట నేను తినలేదు. నువ్వూ తినలేదు.

ఇవాళ గోడ మీద చాటింపు రాశారు. వచ్చే బుధవారం మార్పిడి. పాత మిషన్లన్నీ పోయి కొత్తవి వస్తాయి. కొత్తవాటికి పాత అచ్చులు పట్టవు. అందరూ ఈలోగా తమ పూసలు పెద్ద కొట్టుకి పట్టుకెళ్లి కొత్త అచ్చులోకి మార్పించుకోవాలి. అచ్చు దొరకని గుడ్డి పూసలన్నీ ఊడ్చి పిండిలో కలిపేస్తారు.

నీ పెట్టెలో దొరికిన బూడిదరంగు పూస నా దండలో చివర ఉంది. ఏమీ రాసి లేదు దాని మీద.

గురువారం

దమయంతి దగ్గరికి వెళ్లాను. నీతో పెద్ద కొట్టులో పక్క బల్ల మీద పనిచేసిన పిల్లే. తెప్ప మీదే పుట్టి పెరిగింది కదా, ఎండలో తిరగని తెలుపు. నన్ను చూడగానే లేచి నిలబడి, కూర్చోమని కుర్చీ లాగి, తరవాత ఏం మాట్లాడాలో తెలియక మిషను మీద దుమ్ము తుడిచింది. నీ గురించి ఎవరితో మాట్లాడాలన్నా ఇంతే. అందరూ ఏదో ఒకటి తుడుస్తారు.

పూస ఇచ్చాను. అక్కడున్న మిషన్లన్నిట్లోనూ పెట్టి చూసింది.

"అచ్చు నేదంతంది పిన్నీ. ఏ మిషనూ పట్టడం నేదు."

"మామూలు అచ్చేదైనా పెట్టి విప్పెయ్యకూడదా?"

"తప్పు అచ్చులో పడితే పూస రాలిపోద్ది. మరింక మిగలదు. సరైన అచ్చులో విప్పినా ఒక్కసారే కదా, తెల్దా నీకు?"

"తెలుసు. అడగాలని అడిగాను."

"మీ పైడి సొంతంగా ఏదో అచ్చు రాస్తన్నాదని అనుకునీవోళ్లం. అడిగితే నవ్వీసీది. ఎక్కడ దాసిందో మరి." పూస నా చేతిలో పెట్టి, "మార్పిడి దాకా ఎతుకుతాను పిన్నీ. కానీ ఆశ పెట్టుకోకు" అంది.

ఆశ పెట్టుకోవద్దు అనడానికి ఎంతసేపు. 

ఇంటికొచ్చేసరికి ఎదురింటి తవుడు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, చేతిలో రెండు ముద్దలు. నేను వండుకోవడం మానేశాను బుడంకాయా. ఒక్కదానికి ఏమిటని గిన్నెలూ పొయ్యీ అన్నీ ఎప్పుడో పిండిలో పోసేశాను. సామూహిక వంటశాలలో ఇచ్చే ముద్ద చాలు. అదీ ఒక్కోసారి వద్దనిపిస్తుంది. రుచీ పచీ ఉండదు, తడి సున్నంలా ఉంటుంది.

"అప్పా, తిన్నావేటి?" అన్నాడు, సొంత తమ్ముడిలాగ.

"తింటాను. అక్కడ పెట్టు."

"నిన్నటి ముద్ద కూడా అక్కడే పెట్టేను. అది అక్కడే ఉంది. ఎండి రాయైపోనాది. దాన్తో గోడకి మేకు కొట్టుకోవచ్చు."

నవ్వు రాలేదు. వాడూ నవ్వలేదు.

"మాయమ్మ నాకు ముందు ముగ్గుర్ని పోగొట్టుకుని, నన్ను తవుడికి అమ్మీసినట్టు ఆడి, తవుడని పేరెట్టి బతికించుకున్నాది. అంత కట్టపడి బతికించింది నీకు ముద్దలు మొయ్యడానికేటి? తిను మరి."

సగం తిన్నాను. వాడు చూస్తూ ఉన్నంతసేపు.

శనివారం

ఇవాళ కొట్టుకి ఎవరూ రాలేదు. పెళ్లి అయిపోయింది. మడిచిన సామాను పిండి మాత్రం తొట్టిలో కుప్పగా ఉంది. దాన్ని కదుపుతూ కూర్చున్నాను.

నీకు చెప్పని మాటొకటి ఉంది. తెప్ప మీద ఏదీ వృథా పోకూడదు. విరిగిన చెంచా నుంచి మనుషుల దాకా అన్నీ పిండి తొట్టికే. వంతు పనిగా తెప్ప బయటి అంచు మీద అతుకు వెయ్యడానికి వెళ్లి, తాడు తెగి, ప్రాణం లేకుండా తిరిగొచ్చిన నిన్నూ అలాగే ఇచ్చేశాం. మంత్రం చదివారు, పూలకి బదులు పచ్చ కాగితాలు చల్లారు. ఏ వరసకి వెళ్లావో, ఏ ఇంటి సామానులో ఉన్నావో తెలియదు. అందుకే ఎవరు గిన్నె విప్పించుకున్నా, గ్లాసు విప్పించుకున్నా, ఇచ్చే ముందు కొంగుతో ఒకసారి తుడుస్తున్నాను. రత్నమ్మ పని శుభ్రం అంటున్నారు.

నీ దుప్పటి ఒక్కటే మడవలేదు. మూలన పెట్టుకున్నాను. చోటు తింటోందని వరస పెద్ద రెండుసార్లు చెప్పి వెళ్లాడు. మడిచి పూస చేసుకుంటే మళ్లీ ఎప్పుడు కావాలన్నా దుప్పటి వస్తుందన్నాడు. వస్తుంది. అదే నీలం, అవే గళ్లు. కానీ నీ తల ఆనిన చోట ఉండే నూనె వాసన ఏ అచ్చులోనూ లేదు.

ఆదివారం

ఆదివారం నా మిషను తుడవడానికి నువ్వొచ్చే రోజు. "ముసిల్దానివి, నువ్వు ముసిలి, నీ మిషను నీకన్నా ముసిలి" అంటూ వచ్చేదానివి. నన్ను బయట కూర్చోబెట్టి తలుపు వేసుకుని ఒక పూటంతా తుడిచేదానివి. ఇంత చిన్న మిషనుకి అంతసేపు తుడవడమేమిటే అని నేను తిట్టేదాన్ని.

ఇవాళ నేను తుడిచాను. బుధవారం ఎత్తుకుపోయే మిషనుని ఎందుకు తుడవాలో నాకే తెలియదు. నోటి దగ్గర గుడ్డ పెట్టి తిప్పుతుంటే మెడలో దండ తగిలింది. అప్పుడు అనిపించింది. దమయంతి పెద్ద కొట్టులో మిషన్లన్నీ చూసింది. దీన్ని ఎవరూ మిషను కింద లెక్కెయ్యరు కదా.

విప్పే మీట ముట్టుకోలేదు. చదివే మీట ఒక్కటే నొక్కాను. తెర మీద అక్షరాలు వచ్చాయి. కూడబలుక్కుని చదివాను.

అచ్చు ఉంది.
బరువు: పదకొండు కిలోలు.
ప్రాణం: ఉంది.

మళ్లీ చదివాను. గుడ్డతో తెర తుడిచి మళ్లీ చదివాను.

నీకు ఏడాదిన్నర అప్పుడు సూదిమందు వేయించడానికి తీసుకెళ్తే, ఆయా నిన్ను ఎత్తి కాటాలో కూర్చోబెట్టి, "పదకొండు కిలోలు! ఏటమ్మా ఇది, పిల్లా బుడంకాయా?" అంది. ఆ పేరే ఉండిపోయింది.

నేను కొట్టు తలుపు వేసుకుని నేల మీద కూర్చుండిపోయాను.  తరవాత ఇంటికెళ్లి మూలనున్న సామాను అటు జరిపి, ఇటు జరిపి, చిన్న పక్క పట్టేంత చోటు చేశాను. ఎందుకు చేశావని అడగకు.

సోమవారం

తవుడికి చెప్పకుండా ఉండలేకపోయాను. విని వాడు ముద్ద కింద పెట్టేశాడు.

"ఓలమ్మో. పిల్లంతావా?"

"నేనేమీ అనలేదు. మిషను అంది. ప్రాణం ఉందంది."

"అప్పా, నాను మంచి సెప్తాను, తిట్టుకోకు. కోళ్ల సంగతి మర్సిపోయేవేటి?"

మరచిపోలేదు. తెప్పకి వచ్చిన మొదట్లో తెలివైనవాళ్లు కోళ్లని కూడా మడిచారు. మేత మిగులుతుందని. విప్పితే కోళ్లే వచ్చాయి. వెచ్చగా ఉన్నాయి. కాళ్ల మీద నిలబడ్డాయి. గింజ వేస్తే చూడలేదు, పిలిస్తే తిరగలేదు. సాయంత్రానికి ఒక్కొక్కటే ఒరిగిపోయాయి. కోడి ఎంత ఉండాలో అచ్చుకి తెలుసు, లోపల ఏం జరుగుతూ ఉండాలో తెలియదు అన్నారు. అప్పట్నుంచి ప్రాణమున్నదాన్ని మడవడం నేరం.

దమయంతినీ పిలిచాను. వచ్చి తెర చూసి తల పట్టుకుంది.

"ఇక్కడ దాసిందా? నీ మిషనులోనా? ఎంత గట్టిదే ఇది!" అని నవ్వబోయి, మూడో వరస చదివి ఆగిపోయింది. "పిన్నీ, ఇది ఎవరికైనా తెలిస్తే పూస ఇప్పుడే లాగేసుకుంతారు."

"నువ్వు చెప్తావా?"

"నానెందుకు సెప్తాను? కానీ నువ్వేటనుకుంతన్నావో నాకు తెల్సు. పైడి తన్ని తాను మడుసుకోలేదు. పెద్దదానికి పదకొండు కిలోలు సాలదు. మడిసినా, వొచ్చేది పైడి కాదు."

"నాకు తెలియదా?"

"కోళ్లలాగ వొస్తే?"

 సాయంత్రం దాకానే అయినా చాలని అనుకున్నాను బుడంకాయా. ఆ మాట నోటితో అనలేదు. నీకు తప్ప ఎవరికి చెప్తాను?

దమయంతి వెళ్లి తొట్టి మూత ఎత్తి చూసింది. "నీ పిండి ఉందా?" అంది.

అదే కదా అసలు సంగతి. తొట్టిలో ఉన్నది ఊరందరిది. ఎవరి సామానుకి వాళ్లు మడిచి పోసినంత పిండే వాడాలి, కాటా మీద తూచి. నా వాటాలో మిగిలినదంతా ఇంట్లో కనిపిస్తూనే ఉంది. మీ నాన్న పోయాక వాడని నులక మంచం. నీ పనిబూట్లు. గోడకున్న అర. మూత విరిగిన పెట్టె. నా కొత్త పీట.

తవుడు తన ఇంటికెళ్లి ఒక చెయ్యి విరిగిన కుర్చీ తెచ్చి గుమ్మంలో పెట్టాడు.

"నీది వద్దు" అన్నాను.

"ఈ కుర్సీ మీద కూకుంతే నడుం పట్టీసుకుంతంది. దీన్ని వొదిలించుకోడానికి మంచి రోజు కోసం సూస్తన్నాను. తీసుకో."

"ఒకరి పిండి ఇంకొకరి కాటా మీద పడదు మావా. మిషను ఒప్పుకోదు" అంది దమయంతి.

"మిషన్లకి సుట్టరికం తెల్దు" అని కుర్చీ మళ్లీ ఇంట్లో పెట్టుకున్నాడు.

మంగళవారం

పొద్దున్నే మొదలుపెట్టాం. మంచం ఊడదీసి, కాళ్లూ పట్టెలూ ఒక్కొక్కటే కాటా మీద పెట్టాను. పీట పెట్టాను, గుంట లేని పీటే కదా, బాధ వెయ్యలేదు. అర పెట్టాను. బూట్లు పెట్టేటప్పుడు లోపల చెయ్యి పెట్టి చూశాను. మడమ దగ్గర అరిగి ఉంది. పెట్టె కూడా పెట్టాను. అన్నీ పిండి అయ్యాయి.

కాటా ముల్లు గీతకి కొంచెం కింద ఆగింది.

గది ఖాళీ. మిగిలింది ఒంటి మీద చీర, ఈ పలక, మూలన దుప్పటి.

ముగ్గురం దుప్పటి వైపు చూశాం.  దమయంతే అంది.

"పిన్నీ, ఉత్తినే పిండిలో పొయ్యక్కర్లేదు. మడిసి పూస చేసుకుని అప్పుడు వేద్దాం. ఎప్పుడైనా మళ్లీ విప్పుకోవచ్చు."

"విప్పితే దుప్పటి వస్తుంది. పైడి వాసన రాదు."

"పైడి రాసినట్టు దీనికీ ఓ అచ్చు నాను రాయగలిగితే..."

"రాయగలవా?"

తల అడ్డంగా ఊపింది. "అది ఏటి రాసిందో నాకు సదవడానికే రాటం నేదు."

దుప్పటి ఒళ్లో వేసుకుని గుమ్మంలో కూర్చున్నాను. దాన్ని మొహానికి ఎత్తుకోవాలని ఉంది, ఎత్తుకుంటే ఇవ్వలేనని భయం. ఒక పక్క నాకు నిజంగా తెలిసిన నువ్వు. ఇంకో పక్క ఏముందో తెలియని పూస. రేపు మిషను పోతుంది. పూస గుడ్డిదే అయిపోతుంది. అప్పుడు ఈ దుప్పటి కప్పుకుని పడుకున్న ప్రతి రోజూ, ప్రాణం ఉంది అన్నదాన్ని ఊడ్చి పారేశానే అనుకుంటూ పడుకోవాలి.

తవుడు నా పక్కన చతికిలబడ్డాడు. ఈసారి వేళాకోళం లేదు.

"అప్పా, ఇవ్వాలంతే ఇవ్వు, వొద్దంతే వొద్దు. ఏటి సేసినా నాను ముద్ద తెస్తాను."

లేచి వెళ్లి నేనే మడిచాను. నీలం పూస ఒకటి రాలింది. దాన్ని దండలో గుచ్చుకుని, పిండి తీసి కాటా మీద పోశాను. ముల్లు గీత మీద నిలిచింది.

నీ పూస మిషను నోట్లో వేశాను. మీట నొక్కాను.

ఎప్పుడూ గరగరమనే మిషను ఈసారి మెల్లగా, చాలాసేపు తిరిగింది. దమయంతి తన చెయ్యి నా భుజం మీద వేసింది. మిషను ఆగింది. మూత నేనే తీశాను.

కుండ.

నల్లగా, కాస్త వంకరగా, మూతికి గుడ్డ కట్టిన కుండ.

నేను ఏం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. అరిచాను. కుండేమిటే, కుండెందుకే నాకు, నా దుప్పటి తినేసి కుండనిస్తావా అని నిన్ను తిట్టాను. పోయినదాన్ని తిట్టకూడదని దమయంతి నన్ను పట్టుకుంది. దాన్నీ తోసేశాను. గోడకి తల ఆనించుకుని ఏడ్చాను. నువ్వు పోయిన రోజు కూడా అలా ఏడవలేదు, ఆ రోజు చుట్టూ జనం ఉన్నారు.

నా ఏడుపు మధ్యలో తవుడి గొంతు వినిపించింది.

"అప్పా. ఇలా రా."

"నన్ను ఒదిలెయ్యి."

"రాయే ఒకసారి. వాసన సూడు."

వాడు కుండ మూతి గుడ్డ విప్పి, మొహం లోపల పెట్టేసి ఉన్నాడు. తలెత్తితే కళ్లమ్మట నీళ్లు, ముక్కు మీద తడి.

వెళ్లి వంగాను.

పులుపు. మా అత్త వాకిలి, మా ఊరి వేసవి, నీ చిన్నప్పటి పగటన్నాలు, అన్నీ కలిసిన పులుపు. నీళ్లు తెల్లగా ఉన్నాయి. చూస్తుండగానే అడుగు నుంచి ఒక బుడగ మెల్లగా లేచి, పైకొచ్చి, పగిలింది. తరవాత ఇంకొకటి.

దమయంతి తొంగి చూసి ముక్కు మూసుకుంది. "అయ్యో పిన్నీ, పాడైపోయి వొచ్చింది! పారబొయ్యనా?"

"సెయ్యి తియ్యి!" అని ఇద్దరం ఒక్కసారే అరిచాం. పాపం, ఆ పిల్ల రెండడుగులు వెనక్కేసింది.

అప్పుడు అర్థమైంది నాకు. పెద్ద కొట్టులో కుండని మడిచేటప్పుడు నువ్వు రెండు పూసలు తీశావు. ఒకటి అందరి అచ్చులో, నాకు తెచ్చి ఇచ్చినది. ఒకటి నీ సొంత అచ్చులో, అప్పటికి అది సగమే. మిగతా సగం ఆదివారాలు నా మిషనులో కూర్చుని రాశావు. కోళ్లకి చెయ్యలేనిది గంజినీళ్లకి చెయ్యాలని, పులుపులో ఉన్న ప్రాణం పోకుండా తేవాలని. పూర్తయ్యాక చెబుదామనుకున్నావు కాబోలు.

దమయంతి తెర చూపించింది. చివర్న నీ మాటలున్నాయి. వాటిని మాత్రం కూడబలుక్కోకుండా చదివాను.

"అమ్మా, ఇది లేచింది గానీ రోజూ గంజి పొయ్యకపోతే పోద్ది. ముద్దల నీళ్లు పనికిరావు. వండాలి. నీ మొకం, నాను ఇంట్లో లేపోతే నువ్వు వండవని నాకు తెల్దేటి?"

వండటానికి నా దగ్గర గిన్నె కూడా లేదు. తవుడు వెళ్లి వాళ్లావిడ ఉన్నప్పటి సత్తు గిన్నె తెచ్చాడు, లోపల బియ్యంతో సహా. కాటా మీద పెట్టక్కర్లేదు కదా దీన్ని అని అడిగాడు. అక్కర్లేదన్నాను.

కుండ ఇంటికి తీసుకెళ్లే ముందు కొంగుతో తుడిచాను, అన్నిటినీ తుడిచినట్టే. చిన్న పక్క కోసం చేసిన చోటులో సరిగ్గా పట్టింది.

బుధవారం

మిషను ఎత్తుకుపోయారు. ఇద్దరు మనుషులొచ్చి, తాళ్లు కట్టి, గోడకి గీసుకుంటూ లాక్కెళ్లారు. నీ అచ్చు దాంతోనే పోయింది. దమయంతి దాన్ని రాసుకోవాలని ఎంతో ప్రయత్నించింది, కుదరలేదు. ఇక ఈ కుండని మడవడానికి లేదు. ఎండితే ఎండినట్టే.

తవుడి ఇంటి పొయ్యి మీద అన్నం వార్చాను. గంజి చల్లార్చి కుండలో పోశాను. కాస్త పులిసిన నీళ్లు తీసి అన్నంలో పోసుకుని, ఉప్పేసుకుని, గోడవైపు తిరిగి తిన్నాను. 

ఏదో శుక్రవారం

చాలా రోజులైంది రాసి. కొత్త మిషను మెత్తగా తిరుగుతుంది, చప్పుడే ఉండదు. నాకు నచ్చలేదు.

కుండ బాగుంది. మొదట్లో మూడిళ్లవాళ్లు వాసనని వరస పెద్దకి చెప్పారు. ఆయన వచ్చి, ముక్కు మూసుకుని, తరవాత ముక్కు వదిలి, వాళ్లమ్మమ్మ పేరెత్తి, ఒక చెంబుడు పట్టుకెళ్లాడు. ఇప్పుడు ఆ పులుపు పై వరసలో రెండిళ్లలో ఉంది. దమయంతి కూడా ఒక జాడీలో పెట్టుకుంది, ముక్కు మూసుకునే తాగుతుంది. తవుడు రోజూ కంచం పట్టుకుని వస్తాడు. నాను ముద్దలు మోసిన అప్పు తీరుస్తన్నావు అంటాడు. వాడు వెళ్లిపోయాక గది మళ్లీ గదే. ఎదురుగా కంచం ఉంటుంది, కంచానికి అవతల ఎవరూ ఉండరు. అది అలాగే ఉంటుంది కాబోలు.

నీలం పూసని ఆ మంగళవారమే దమయంతి కొత్త అచ్చులోకి మార్చి ఇచ్చింది. నేను విప్పలేదు. విప్పితే నీ దుప్పటి వస్తుంది, నువ్వు కప్పుకోని దుప్పటి. ఇంకా ధైర్యం చాలలేదు.

బుడంకాయా, నీతో ఇక్కడికి ఆపుతాను. నేనూ ఒకనాడు తొట్టికి పోయేదాన్నే. ఆ తరవాత ఈ కుండ ఎవరింటికి వెళితే ఈ పలకా వాళ్లకే ఇమ్మని తవుడికీ దమయంతికీ చెప్పాను. అందుకని మిగతాది ఆ వచ్చేవాళ్లకి.

అమ్మా, అయ్యా, ఎవరైనా సరే. కుండ నీడన పెట్టు. మూతికి పల్చటి గుడ్డ కట్టు. రోజూ వార్చిన గంజి చల్లార్చి పొయ్యి, అడుగంటనివ్వకు. బుడగలు రాకపోతే కంగారు పడకు, వెచ్చటి చోటుకి జరుపు. ఎవరైనా అడిగితే చెంబుడు పంచు. ఇంట్లో నువ్వొక్కదానివే ఉన్నా, ఒక్కడివే ఉన్నా, గంజి కోసమని కొలిచి వండకు, నీకూ కలిపి వండు. 

ముందు నువ్వు కడుపునిండా తిను.